బాబుకి దుమ్ము పడదంటే ఇమ్యూనిటీ తక్కువని కాదు: ఊపిరితిత్తుల్లో తగువు రేపేదెవరు, సర్దిచెప్పేదెవరు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్ళ బాబు, ఇల్లు ఊడ్చినా పరుపులు దులిపినా ముందు తుమ్ములు, కాసేపటికి పిల్లికూతలు, పడుకునే వేళకి తగ్గిపోయిందిలే అనుకుంటే తెల్లవారుజామున 3 గంటలకి మళ్ళీ ఆయాసంతో లేచి కూర్చుంటున్నాడు. రిపోర్ట్‌లో ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) 1180, ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 900. డాక్టర్ గారు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు. మీ అత్తగారేమో వీడికి ఇమ్యూనిటీ తక్కువ, అది పెంచే మందేదైనా వాడండి అంటున్నారు, మీవారేమో ఐజీఈ అంత ఉందంటే ఇమ్యూనిటీ ఎక్కువున్నట్టే కదా అంటున్నారు. చివర్లో ఇంకో మాట అడిగారు, అదే ఇంట్లో అదే మంచం మీద పడుకునే చిన్న పాపకి ఏమీ కావట్లేదు, వీడికే ఎందుకు అని. నాకు ఆ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న అనిపించింది, దానికి జవాబు తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను ఛాతీ డాక్టర్ని, 22 ఏళ్ళుగా ఇదే పని, మధ్యలో 4 ఏళ్ళు ల్యాబ్‌లో ఎలుకల ఊపిరితిత్తుల మీద ఈ అలర్జీ సంగతే చదివాను.

అలర్జీకి మన భాషలో ఎప్పట్నుంచో ఒక మాట ఉంది, "పడదు". వాడికి దుమ్ము పడదు, నాకు వంకాయ పడదు. ఇద్దరు మనుషుల మధ్య తగువు ఉన్నా అదే మాట అంటాం, వాళ్ళిద్దరికీ పడదు అని. ఎవరికైనా పడట్లేదంటే వాళ్ళలో ఒకరు బలహీనులని ఎవరూ అనుకోరు కదా, సంబంధం చెడిందనే అనుకుంటాం. 1906లో వియన్నాలో ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టర్ "అలర్జీ" అనే మాట పుట్టించినప్పుడు ఆయన మనసులో ఉన్నది కూడా అదే, శరీరం ఒక వస్తువుకి వేరేగా స్పందించడం మొదలుపెట్టిందని. కాబట్టి మీ అత్తగారు అన్నట్టు ఇది ఇమ్యూనిటీ తక్కువ కాదు. అలాగని మీవారు అన్నట్టు బలమూ కాదు, అది వాపు చూసి బలుపు అనుకోవడమే అవుతుంది. ఊరికే పోయేదాన్ని పట్టుకుని తగువు పెట్టుకోవడం, ఆ తగువుని సర్దిచెప్పాల్సిన కణాలు సర్దిచెప్పలేకపోవడం, జరుగుతున్నది ఇదీ.

తగువు ఎలా మొదలవుతుందో ముందు చూద్దాం. ఇంటి దుమ్ములో పిల్లలకి పడనిది చాలాసార్లు మట్టి కాదు, డస్ట్ మైట్ అనే పురుగు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దాని రెట్ట. మైట్ మిల్లీమీటర్‌లో మూడో వంతు ఉంటుందేమో, కంటికి ఆనదు, మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది, నీళ్ళు తాగదు, గాల్లో ఉన్న తేమనే లాక్కుంటుంది, అందుకే పరుపులూ దిళ్ళూ దానికి ఇష్టం, సముద్రం దగ్గర ఊళ్ళల్లో, వానాకాలంలో ఇంకా ఎక్కువ. దాని రెట్టలో డెర్ పీ 1 అని ఒక ప్రోటీన్ ఉంటుంది, అది ఒక ఎంజైమ్. మటన్ త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం చూడండి, ఆ బొప్పాయి పాలలో ఉండే పపైన్‌దీ డెర్ పీ 1దీ ఒకటే కుటుంబం. మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ గాలిగొట్టం లోపలి పొర మీద పడితే ఏం చేస్తుందో ఆలోచించండి. ఆ పొరలో కణాలు ఇటుకల్లా పక్కపక్కన పేర్చి ఉంటాయి, వాటి మధ్య అతుకులుంటాయి, ఇది ఆ అతుకుల్ని కోస్తుంది.

పొర దెబ్బతినగానే పొరలోని కణాలు కేకలు పెడతాయి. ఆ కేకలకి పేర్లున్నాయి, టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25. ఇవి వినపడగానే మొదట లేచేవి ఐఎల్‌సీ2 అనే కణాలు. వీటి గురించి 2010 దాకా ఎవరికీ సరిగ్గా తెలీదు, ఆ ఒక్క ఏడాదిలోనే జపాన్‌లో, ఇంగ్లండ్‌లో, అమెరికాలో వేర్వేరు టీములు వీటిని బయటపెట్టాయి. ఇవి దుమ్మా పుప్పొడా అని గుర్తుపట్టవు, కేక వినబడితే చాలు ఐఎల్-5, ఐఎల్-13 అనే రసాయనాలు గుమ్మరిస్తాయి. మేము ల్యాబ్‌లో ఎలుక ముక్కులో పపైన్ చుక్కలు వేసేవాళ్ళం, కొన్ని రోజుల తర్వాత ఊపిరితిత్తుల్ని ఉప్పునీళ్ళతో కడిగి ఆ నీళ్ళు స్లైడ్ మీద చూస్తే, మామూలు ఎలుకలో వెతికితేగానీ దొరకని ఈసినోఫిల్స్ గుంపులు గుంపులుగా ఉండేవి. ఇమ్యూనిటీని నడిపించే తెల్ల రక్తకణాలైన టీ కణాలు పుట్టుకతోనే లేని ఎలుకల్లో కూడా వచ్చేవి! అంటే అసలైన సైన్యం లేకపోయినా ఈ కాపలావాళ్ళు చాలు గొడవ మొదలెట్టడానికి.

ఇంతలో పొర కిందే చేతులు చాపుకుని ఉండే డెండ్రిటిక్ కణాలు ఆ మైట్ ముక్కని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్ళి టీ కణాలకి చూపిస్తాయి. ఇక్కడే దారి చీలుతుంది. డెండ్రిటిక్ కణం ప్రశాంతంగా చూపిస్తే టీ కణం "సరే, ఇది మనదేలే" అని ఊరుకుంటుంది, కేకల మధ్య కంగారుగా చూపిస్తే ఆ టీ కణం టీహెచ్2 అనే రకంగా మారిపోతుంది. అలర్జీలో ఎక్కువ నష్టం చేసేది ఈ టీహెచ్2నే. దాన్నుంచి వచ్చే ఐఎల్-4 మాట విని బీ కణాలు ఐజీఈ తయారుచేస్తాయి, ఐఎల్-5 ఎముక మజ్జలోంచి ఈసినోఫిల్స్‌ని పిలుస్తుంది, ఐఎల్-13 గాలిగొట్టాల్లో కఫం పెంచి కండరాన్ని చిన్నదానికీ పెద్దదానికీ బిగుసుకునేలా చేస్తుంది. మీ బాబు రిపోర్ట్‌లో ఉన్న రెండు అంకెలు, 1180, 900, ఇవి ఆ టీహెచ్2 పంపిన రెండు ఉత్తరాల్లాంటివి అనుకోండి.

ఐజీఈ గురించి రెండు ముక్కలు. దీన్ని 1966లో అమెరికాలో పనిచేస్తున్న ఇషిజాకా దంపతులు కనిపెట్టారు, దాదాపు అదే టైంలో స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ అనేవాళ్ళు వేరే దారిలో దీని దగ్గరికే వచ్చారు. మిగతా యాంటీబాడీల్లా ఇది రక్తంలో తిరుగుతూ ఉండిపోదు, వెళ్ళి గాలిగొట్టం గోడల్లో కాపు కాసే మాస్ట్ కణాల మీద అతుక్కుని కూర్చుంటుంది, మైట్ ముక్క వచ్చి రెండు ఐజీఈలని కలిపి పట్టుకుందా, ఆ కణం నిమిషాల్లో పేలుతుంది. హిస్టమిన్ వెంటనే బయటికొస్తుంది, ఆ తర్వాత ల్యూకోట్రయీన్లు అప్పటికప్పుడు తయారై వస్తాయి, ఇవి గాలిగొట్టాన్ని బిగించడంలో హిస్టమిన్ కంటే వెయ్యి రెట్ల దాకా బలమైనవి. అందుకే తుమ్ములకి పనిచేసే సిట్రిజిన్ మాత్ర పిల్లికూతలకి పెద్దగా పనిచెయ్యదు.

మీరడిగిన తెల్లవారుజాము 3 గంటల సంగతి ఇక్కడుంది. సాయంత్రం పరుపు దులిపినప్పుడు వచ్చింది మొదటి విడత, అది మాస్ట్ కణాల పని, గంటా రెండు గంటల్లో దానంతటదే తగ్గుతుంది, మీరు ఆయాసం వచ్చినప్పుడు గాలిగొట్టాన్ని వదులు చేసే నీలం ఇన్‌హేలర్ ఇస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. కానీ ఆ పేలుడులోనే మాస్ట్ కణాలు మిగతావాళ్ళని రమ్మని కబురు పెట్టేసి ఉంటాయి. ఆ కబురు అందుకుని రక్తంలోంచి ఈసినోఫిల్స్, టీహెచ్2 కణాలు గాలిగొట్టం గోడలోకి దిగడానికి టైం పడుతుంది కదా, 4 నుంచి 8 గంటలు. అవి దిగేసరికి బాబు నిద్రలో ఉంటాడు, పైగా ఆ వేళకి ఒంట్లో సహజంగా ఉండే కార్టిసాల్ అనే వాపు తగ్గించే హార్మోన్ బాగా తగ్గి ఉంటుంది, గాలిగొట్టాలు మామూలువాళ్ళలోనే కాస్త సన్నబడే టైం అది. అన్నీ కలిసొస్తాయి. ఈ రెండో విడత బిగుసుకోవడం కంటే వాపు ఎక్కువ, అందుకే నీలం ఇన్‌హేలర్ ఇచ్చినా కాసేపు తగ్గి మళ్ళీ వస్తుంది. రాత్రి ఇలా లేస్తున్నాడంటే ఆస్తమా కంట్రోల్‌లో లేదని అర్థం, మీ డాక్టర్ గారికి ఈ విషయం తప్పకుండా చెప్పండి.

ఈసినోఫిల్‌ని నేను మొదటిసారి ఒక పేషెంట్ కఫంలో చూసింది ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఇయోసిన్ రంగు వెయ్యగానే కణం నిండా కుంకుమ నీళ్ళు చల్లినట్టు గులాబీ గింజలు, మధ్యలో కళ్ళజోడు పెట్టినట్టు రెండు తమ్మెల కేంద్రకం. ఆ గింజల్లో ఉండేది విషం, పురుగుల్ని చంపడానికి దేవుడిచ్చిన ఆయుధం, పురుగు లేని చోట విప్పితే మన పొరే కాలుతుంది. ఆ పక్కనే రెండు వైపులా మొన తేలిన సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించాయి, వాటిని షార్కో లైడెన్ స్ఫటికాలు అంటారు, ఈసినోఫిల్ చచ్చిపోయేటప్పుడు దాని లోపలి ప్రోటీన్ గట్టిపడి అలా అవుతుంది. వందేళ్ళకి పైగా అవి ఊరికే ఆనవాళ్ళు అనుకున్నారు, 2019లో అవి స్వయంగా ఇన్‌ఫ్లమేషన్‌ని ఎగదోస్తాయని తేలింది. గట్టిగా సాగే తెమడ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళలో ఇది చాలా ముఖ్యం.

ఈసినోఫిల్స్ అనగానే మన ఊళ్ళల్లో "ఇస్నోఫీలియా" అని ఒక జబ్బు పేరులా వాడేస్తారు, అది జబ్బు కాదు, ఒక లెక్క. కానీ ఆ మాట వెనక మన దగ్గర నిజమైన చరిత్ర ఉంది. 1940లో మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం టీబీ శానటోరియంలో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే డాక్టర్లు, టీబీ అని పంపించిన కొంతమందికి టీబీ లేదని, రక్తంలో ఈసినోఫిల్స్ మాత్రం విపరీతంగా ఉన్నాయని రాశారు. తర్వాత తేలింది, అది ఫైలేరియా పురుగుకి ఊపిరితిత్తులు అతిగా స్పందించడం అని. ఇప్పటికీ రాత్రి దగ్గు, ఈసినోఫిల్స్ 3000 దాటి ఉంటే ఆ సంగతి ఆలోచించాలి, దానికి డీఈసీ మాత్రల కోర్సు ఉంది, బాగా పనిచేస్తుంది. ఐజీఈ బాగా ఎక్కువున్న ఆస్తమావాళ్ళలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అలర్జీ కూడా చూడాలి. మీ బాబుకి 900 కాబట్టి ఫైలేరియా సంగతి కంగారు పడక్కర్లేదు, కానీ ఐజీఈ 1180 కదా, ఆస్పర్‌జిల్లస్ టెస్ట్ ఒకసారి చేయించాలా అని మీ డాక్టర్ గారిని అడగండి, అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు చిన్న పాప ప్రశ్నకి వస్తాను.

మనిషి రోజుకి దగ్గర దగ్గర 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు, అందులో మైట్ రెట్ట, పుప్పొడి, వయ్యారిభామ పూలపొడి, బొద్దింక పొడి, అన్నీ ఉంటాయి. పాప కూడా అదే పీలుస్తోంది. పాప ఊపిరితిత్తుల్లో ఇవి చేరట్లేదా అంటే చేరుతున్నాయి, వాటిని పాప ఇమ్యూనిటీ చూడట్లేదా అంటే చూస్తోంది. చూసి ఊరుకుంటోంది. ఊరుకోవడం అంటే ఏమీ చెయ్యకపోవడం అనుకుంటాం, శరీరంలో అలా కాదు, ఊరుకోబెట్టడానికి ప్రత్యేకంగా కణాలున్నాయి, అవి రాత్రీ పగలూ పనిచేస్తేనే మనం మామూలుగా గాలి పీల్చగలుగుతున్నాం.

గాలితిత్తుల్లో మాక్రోఫేజ్‌లు ఉంటాయి, వచ్చిన చెత్తని చప్పుడు లేకుండా మింగేస్తాయి. గోడల్లో ఉండే ఇంకో రకం మాక్రోఫేజ్‌లు ఐఎల్-10 అనే రసాయనం వదులుతూ డెండ్రిటిక్ కణాల్ని చల్లబరుస్తుంటాయి. కానీ వీటన్నిటి మీదా పెద్దమనిషి టీ-రెగ్ కణం.

దీని కథ చాలా ఏళ్ళు నడిచింది. ఇమ్యూనిటీని అణిచే టీ కణాలుంటాయని ఒకప్పుడు అంటే నమ్మినవాళ్ళు తక్కువ, ఆ రంగమే దాదాపు మూతపడిన రోజుల్లో జపాన్‌లో షిమోన్ సకగుచి పట్టు వదలకుండా పనిచేసి 1995లో ఆ కణాల్ని వేరు చేసి చూపించారు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒళ్ళంతా పొలుసులూడే స్కర్ఫీ అనే ఎలుకల్లో ఫాక్స్‌పీ3 అనే జీన్ చెడిపోయిందని పట్టుకున్నారు, ఆ జీనే టీ-రెగ్ కణానికి ప్రాణమని తర్వాత తేలింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది, ఆ వార్త చూసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఆ జీన్ పుట్టుకతోనే పాడైన పిల్లలుంటారు, చాలా అరుదు, మగపిల్లల్లోనే వస్తుంది, ఆ పిల్లలకి షుగర్, ఆగని విరేచనాలతో పాటు ఒళ్ళంతా ఎగ్జిమా, ఐజీఈ విపరీతం, ఈసినోఫిల్స్ విపరీతం. అంటే పగ్గం ఒక్కటి తీసేస్తే అలర్జీ దానంతటదే పుట్టుకొస్తుంది. దుమ్ము మీద తగువు పెట్టుకునే గుణం మనందరి ఒంట్లోనూ ఉంది, పట్టి ఆపేవాళ్ళు ఉండబట్టే ఆగుతోంది.

టీ-రెగ్ ఎలా ఆపుతుందో చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. డెండ్రిటిక్ కణం టీ కణాన్ని రెచ్చగొట్టాలంటే దాని ఒంటి మీద సీడీ80, సీడీ86 అనే పిడుల్లాంటివి ఉండాలి. టీ-రెగ్ తన ఒంటి మీదుండే సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్‌తో వాటిని పట్టుకుని పీకి తనలోకి లాగేసుకుంటుంది, నిజంగానే లాగేసుకుంటుంది, మైక్రోస్కోప్ కింద టీ-రెగ్ లోపల ఆ ముక్కలు కనిపిస్తాయి. పిడి లేని కత్తితో ఏం చేస్తారు? ఇంకోటి, టీ కణాలు పెరగడానికి ఐఎల్-2 అనే తిండి కావాలి, టీ-రెగ్ దాన్ని ముందే తాగేస్తుంది, చుట్టుపక్కల వాటికి మిగలదు. మూడోది ఐఎల్-10, టీజీఎఫ్-బీటా, ఇవి వదిలి టీహెచ్2ని, ఐఎల్‌సీ2ని, మాస్ట్ కణాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది, బీ కణాన్ని ఐజీఈ బదులు తగువు పెట్టని ఐజీజీ4 అనే యాంటీబాడీ వైపు తిప్పుతుంది.

అలర్జీ ఉన్నవాళ్ళలో టీ-రెగ్ లేవా అంటే ఉంటాయి. 2004లో ఇంగ్లండ్‌లో గడ్డి పుప్పొడి పడనివాళ్ళ టీ-రెగ్ కణాలు తీసి చూశారు, సంఖ్యలో తేడా కాదు, పని చెయ్యడంలో తేడా, అలర్జీ లేనివాళ్ళ కణాలు ఆపినంతగా ఇవి ఆపలేకపోయాయి, పుప్పొడి సీజన్‌లో ఉన్నవాళ్ళవి మరీ తక్కువ. కేకలు ఎక్కువైతే పెద్దమనిషి మాట ఎవరికి వినబడుతుంది చెప్పండి, అలాగే ఐఎల్-4, ఐఎల్-6 లాంటివి ఎక్కువున్న చోట టీ-రెగ్ తయారవ్వడమూ కష్టం, ఉన్నది నిలబడటమూ కష్టం.

ఈ పగ్గం బలమెంతో చూపించే ఉదాహరణ ఆఫ్రికాలో గాబన్‌ది. అక్కడ బడి పిల్లల్లో నులిపురుగులు, షిస్టోసోమా లాంటివి ఒంట్లో ఉన్నవాళ్ళకి మైట్‌కి ఐజీఈ ఉన్నా చర్మం మీద టెస్ట్ చేస్తే దద్దురు రావడం తక్కువ, 2000లో ఆ లెక్క చూసినవాళ్ళు ఆ పిల్లల్లో ఐఎల్-10 ఎక్కువుందని గమనించారు. తర్వాత పురుగుల మందు ఇచ్చి కొన్ని నెలలు గమనిస్తే మైట్‌కి దద్దుర్లు రావడం పెరిగింది. పురుగు తన ప్రాణం కోసం మనలోని టీ-రెగ్‌ని పెంచుకుంటుంది, దాని నీడలో అలర్జీ కూడా అణిగి ఉంటుంది. అంటే ఐజీఈ అంకె ఒక్కటే జబ్బు కాదు, ఐజీఈ ఉండి కూడా ఊరుకునే ఒళ్ళు ఉంటుంది. అందుకే నెలనెలా ఐజీఈ టెస్ట్ చేయించి 1180 కాస్తా 1050 అయ్యిందా అని చూసుకోకండి, ఆ డబ్బుతో దిండు కవర్లు కొనండి. అలాగని బాబుకి పురుగుల మందు మానేయమని మాత్రం కాదు, పురుగులు రక్తహీనత తెస్తాయి, బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ వేయించండి.

పాపకీ బాబుకీ ఎందుకు తేడా వచ్చిందంటే కొంత జీన్స్, ఒకే అమ్మానాన్నల నుంచి ఇద్దరికీ వేర్వేరు పేకముక్కలు పడతాయి. కొంత పసితనంలో ఏం పీల్చారు, ఏ జలుబులు వచ్చాయి అనేది. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు తెగలు, రెండూ యూరప్ నుంచి వచ్చినవే, ఇద్దరిదీ వ్యవసాయమే. ఆమిష్ వాళ్ళు పాత పద్ధతిలో గుర్రాలతో, ఇంటి పక్కనే పశువుల కొట్టం, హట్టరైట్లు పెద్ద యంత్రాలతో, పశువులు ఇంటికి దూరం. పిల్లల్లో ఆస్తమా ఆమిష్‌లో 5 శాతం, హట్టరైట్లలో 21 శాతం. 2016లో వచ్చిన స్టడీ ఇది, ఆమిష్ ఇంటి దుమ్ము తీసి ఎలుకల ముక్కులో వేస్తే వాటికి అలర్జీ తగ్గింది కూడా. ఇది చదివి మీ బాబుని ఇప్పుడు పశువుల కొట్టంలో తిప్పకండి దయచేసి, అది పసితనంలో ఊపిరితిత్తులు నేర్చుకునే వయసు సంగతి, ఒకసారి తగువు మొదలయ్యాక అదే దుమ్ము వాడికి హాని.

జలుబు చేసినప్పుడల్లా ఛాతీలోకి దిగుతోంది, నెమ్ము చేస్తోంది, అందుకే ఇమ్యూనిటీ తక్కువ అనుకుంటున్నాం అని మీ అత్తగారి మాటగా రాశారు. ఆవిడ గమనించింది నిజమే, కారణం వేరు. వైరస్ వచ్చినప్పుడు ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం వదలాల్సిన కణాల మీద కూడా ఐజీఈ కూర్చుని ఉంటుంది, అలర్జీ రగులుతున్నప్పుడు అవి ఇంటర్‌ఫెరాన్ సరిగ్గా వదలవు. ఐజీఈని పట్టేసే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చిన పిల్లలకి జలుబుల సీజన్‌లో వచ్చే ఆయాసాలు బాగా తగ్గాయని 2011లో తేలింది. అంటే అలర్జీని చల్లబరిస్తే వైరస్ మీద పోరాటం మెరుగుపడుతుంది. ఇమ్యూనిటీ పెంచే పొడులు, సిరప్‌లు ఈ పని చెయ్యవు, తగువు పడుతున్నవాళ్ళ చేతికి ఇంకో కర్ర ఇచ్చి లాభం లేదు.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందా అని అడిగారు. స్టెరాయిడ్ ఆ ఇన్‌ఫ్లమేటరీ కణాల్లోకి వెళ్ళి కేకల జీన్లని ఆపుతుంది, ఈసినోఫిల్స్‌ని త్వరగా చనిపోయేలా చేస్తుంది, అలా నిశ్శబ్దంగా చనిపోయిన ఈసినోఫిల్‌ని మాక్రోఫేజ్ మింగి, మింగాక ఐఎల్-10, టీజీఎఫ్-బీటా వదులుతుంది. వాపు అలా చల్లారుతుంది, దానికి రోజులు, వారాలు పడుతుంది, అందుకే రెండు రోజులు వాడి తేడా లేదని ఆపేస్తే లాభం లేదు. ఒక్కటి మాత్రం అది చెయ్యలేదు, ఊపిరితిత్తుల్లో స్థిరపడిపోయిన జ్ఞాపకం ఉన్న టీహెచ్2 కణాల్ని చెరపలేదు, అందుకే ఆపగానే కొంతమందికి తిరిగొస్తుంది. దాన్ని జనం అలవాటు అంటారు, అది అలవాటు కాదు, జబ్బు ఇంకా ఉండటం. డోస్ సంగతి చూడండి, ఇన్‌హేలర్‌లో 200 మైక్రోగ్రాములు, ఆయాసం ముదిరి మాత్రలు వేస్తే 20 మిల్లీగ్రాములు, అంటే 100 రెట్లు, అదీ ఒళ్ళంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్‌తో అసలు ఏమీ కాదని చెప్పను, ఏళ్ళ తరబడి రోజూ వాడిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారని ఒక పెద్ద స్టడీలో తేలింది, ఆ సెంటీమీటర్ కంటే కంట్రోల్ లేని ఆస్తమా చాలా ప్రమాదం. నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితోనే లాక్కొచ్చేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది, అది కండరాన్ని వదులు చేస్తుంది తప్ప వాపుని ముట్టుకోదు. 2019 నుంచి ప్రపంచ ఆస్తమా గైడ్‌లైన్ కూడా పెద్దవాళ్ళకీ, 12 ఏళ్ళు దాటిన పిల్లలకీ నీలం ఒక్కటే వద్దని చెప్తోంది.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందుకి తీసుకెళ్ళాలా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. నమ్మకం మీది, నేను అడ్డు చెప్పను, వేసుకున్నా ఇన్‌హేలర్ మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి. వానలు మొదలయ్యే టైం, మైట్‌లూ జలుబులూ పెరిగే టైం, సరిగ్గా అప్పుడు ఇన్‌హేలర్ ఆపి ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల్ని నేను చూశాను.

ఇంకోటి తప్పకుండా చెప్పాలి. ఒక తల్లి నా దగ్గరికి ఏడేళ్ళ పాపని తీసుకొచ్చింది, ఎండిపోయి ఉంది పాప. ఏదో ల్యాబ్‌లో వందకి పైగా తిండి పదార్థాలకి ఐజీజీ4 టెస్ట్ చేసి ఎర్ర గుర్తులు పెట్టి ఇచ్చారు, పాలు, గుడ్డు, కంది పప్పు, వేరుశనగ అన్నీ మాన్పించేశారు, ఎనిమిది నెలలు. పైన చెప్పాను కదా, ఐజీజీ4 అనేది టీ-రెగ్ సర్దిచెప్పినదానికి ఆనవాలు, అంటే ఆ తిండి పాపకి పడుతోందని అర్థం, వీళ్ళు దాన్నే పడదని చదివారు! ఆ టెస్ట్‌ని అలర్జీ కనిపెట్టడానికి వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. పాపకి ఆరోజే పప్పన్నం పెట్టమన్నాను. మీరు చేయించాలనుకుంటే చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్ గానీ, మైట్, బొద్దింక లాంటి వాటికి విడివిడిగా ఐజీఈ టెస్ట్ గానీ చేయించండి.

పగ్గాన్నే బలపరిచే వైద్యం ఒకటుంది, ఇమ్యునోథెరపీ. 1911లో లండన్‌లో నూన్ అనే డాక్టర్ గడ్డి పుప్పొడి సారాన్ని కొంచెం కొంచెంగా ఇంజెక్షన్ ఇచ్చి మొదలుపెట్టారు, అప్పటికి టీ-రెగ్ పేరే లేదు. పడని వస్తువునే కేకలు లేకుండా చిన్న చిన్న మోతాదుల్లో పరిచయం చేస్తే ఐఎల్-10 వదిలే కణాలు పెరుగుతాయి, ఐజీజీ4 పెరిగి మైట్ ముక్క ఐజీఈ దాకా వెళ్ళకుండా అడ్డుకుంటుంది. తేనెటీగలు పెంచేవాళ్ళకి సీజన్‌లో కుట్టించుకుని కుట్టించుకుని ఇదే సహజంగా జరుగుతుంది. కనీసం 3 ఏళ్ళు తీసుకోవాలి, ఆస్తమా కంట్రోల్‌లో ఉన్నప్పుడే మొదలెట్టాలి, అత్యవసర మందులు పక్కనున్న చోటే ఇంజెక్షన్ వేయించుకోవాలి. మీ బాబు రాత్రిళ్ళు లేస్తున్నాడు కాబట్టి ఇప్పుడే వద్దు. ఐఎల్-5, ఐఎల్-4, టీఎస్‌ఎల్‌పీలని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, అవి ఇన్‌హేలర్లు సరిగ్గా వాడినా తగ్గని తీవ్రమైన ఆస్తమాకి, మీవాడికి ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను.

ఈ వారం మీరు చెయ్యగలిగింది, బాబు పడుకునే పాత బూరుగు దూది పరుపు తీసేయండి, లేదా పరుపుకీ దిండుకీ జిప్ ఉండే మైట్ కవర్లు తొడగండి. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళల్లో ఉతకండి, మైట్‌లు ఆ వేడికి చస్తాయి, ఎండలో వేసి దులిపితే చచ్చినవి కూడా గాల్లోకి లేస్తాయి కాబట్టి దులిపేటప్పుడు బాబుని వేరే గదిలో ఉంచి తర్వాత గంట దాకా రానివ్వకండి. పొడి చీపురు బదులు తడిగుడ్డ పెట్టండి. ఇన్‌హేలర్ స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టంతోనే ఇవ్వండి, ఒక్కసారి నొక్కి, మెల్లగా పీల్పించి, పది అంకెలు లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టమనండి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయించండి, లేకపోతే నాలుక మీద తెల్ల పూత వస్తుంది. నాలుగు వారాల తర్వాత రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేచాడో రాసి పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మధ్యలో మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా అనిపించినా నీలం ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఇస్తూ వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి బయల్దేరండి, తెల్లారే దాకా చూడొద్దు.